పూత రాలితే పురుగుమందేనా?

దసరా దాటి దీపావళి దగ్గర పడే వేళకు తాండూరు ప్రాంతంలో కంది చేలు పసుపు పూతతో కళకళలాడతాయి. తొలకరి నుంచి ఎండకూ వానకూ ఓర్చిన రైతుకు చేను చూస్తేనే కడుపు నిండే రోజులవి. అయితే ఆ సంతోషం పట్టుమని పది రోజులు నిలవదు. ఒకనాడు పొద్దున్నే చేనుకు వెళ్లేసరికి సాళ్ల మధ్య నేల పచ్చగా కనిపిస్తుంది. కొమ్మ మీద ఉండవలసిన పూవు నేల మీద పడి ఉంటుంది. రైతు గుండె గుభేలుమంటుంది. అక్కడి నుంచి అతడి అడుగు ఇంటి వైపు పడదు, నేరుగా మందుల దుకాణం వైపు పడుతుంది.

"సేటూ, పూతంత రాలిపోవట్టింది. ఏదన్న గట్టి మందియ్యి" అని రైతు అడుగుతాడు. "పురుగు వడ్డట్టుంది పటేలా. ఈ రెండూ కలిపి కొట్టు, ఆగిపోతది" అంటూ సేటు రెండు డబ్బాలు బల్ల మీద పెడతాడు. రాలిన పూవు ఎట్లా ఉన్నదని సేటు అడగడు. రైతు తెచ్చి చూపించడు. ఖాతాలో అప్పు రాసుకోవడంతో వైద్యం ముగుస్తుంది. ఏటా పూత కాలంలో ఊరూరా జరిగే తంతు ఇదే.

జ్వరం వచ్చిన మనిషికి నాడి చూడకుండా సూది మందు వేస్తే ఊరంతా తప్పు పడుతుంది. చేను విషయంలో మాత్రం చూడకుండానే మందు కొట్టడం ఆనవాయితీ అయిపోయింది. రాలిన ప్రతి పూవూ పురుగు పని కాదు. రాలిన ప్రతి పూవూ నష్టం కూడా కాదు. ఈ రెండు మాటలూ రైతుకు చేరకపోవడం వల్ల చేతి డబ్బు పోతోంది, చేనులో తిరిగే తేనెటీగ పోతోంది. కొన్నిచోట్ల మనుషుల ప్రాణాలే పోయాయి. కనుక ఇది చిన్న విషయమని తీసిపారేయడానికి వీల్లేదు.

మొక్క లెక్క వేరు

కంది మొక్క పూసిన పూలన్నిటినీ కాయలు చేయదు. పది పూలు పూస్తే అందులో ఎనిమిది, తొమ్మిది రాలిపోవడం ఆ మొక్క సహజ గుణం. పురుగు లేకపోయినా రాలుతుంది, తేమ చాలినంత ఉన్నా రాలుతుంది. ఒక గుత్తిలో కింది భాగాన ముందు విచ్చుకున్న పూలు కాయ కడతాయి. ఆ కాయలు మొక్క తయారు చేసిన ఆహారాన్ని ముందుగా లాక్కుంటాయి. తర్వాత పూసిన పై పూలకు మిగిలేది తక్కువ. వాటిలో ఎక్కువ భాగం నేలపాలవుతాయి. పంక్తిలో ముందు కూర్చున్న వారికి వడ్డించాక గిన్నెలో మిగిలినదాన్ని బట్టే కదా తర్వాతి బంతి!

మామిడి లెక్క ఇంకా కఠినం. ఒక్క పూగుత్తిలో వందల పూలు, ఒక్కోసారి వేలు ఉంటాయి. అందులో చాలా వరకు మగ పూలే. వాటికి కాయ కట్టే శక్తి పుట్టుకతోనే లేదు. చివరికి నూటికి ఒక్క పూవైనా పండు దాకా రాదు. గుత్తికి ఒక కాయ నిలిస్తే తోట విరగకాసిందని రైతు మురిసిపోతాడు. ఆ చెట్టు కింద పడిన పూత లెక్క మాత్రం ఎవరూ అడగరు.

పత్తిది మరో తీరు. పత్తి పూవు విచ్చుకున్న నాడు లేత పసుపు కలిసిన తెలుపు రంగులో ఉంటుంది. మర్నాటికి గులాబి రంగుకు తిరిగి వాడిపోతుంది. ఆ తర్వాత రేకులు రాలిపోతాయి. ఇది పూవు రాలడం కాదు, పూవు తన పని ముగించుకుని కాయకు చోటివ్వడం. రేకులు రాలిన చోట పిందె పచ్చగా నిలిచి ఉంటే రైతు దిగులు పడవలసింది ఏమీ లేదు. అసలైన గూడ, పిందె రాలడం వేరు. అందులోనూ బలంగా ఎదిగిన పత్తి మొక్క తన గూడలో, పిందెలో సగానికి పైగా తనంతట తానే వదిలేసుకుంటుంది. నాలుగు రోజులు వరుసగా మబ్బు పట్టినా, బెట్ట తగిలినా, చేనులో నీరు నిలిచినా, నత్రజని ఎక్కువై మొక్క ఆకు మీదికి పోయినా ఈ రాలడం మరింత పెరుగుతుంది.

మరి మోయలేని పూలు మొక్క ఎందుకు పూస్తుంది? వాన ఎప్పుడు పడుతుందో, తేనెటీగ ఎప్పుడు వస్తుందో, పురుగు ఎన్ని తింటుందో మొక్కకు ముందుగా తెలియదు. అందుకని ఎక్కువ పూసి, పరిస్థితిని బట్టి మోయగలిగినవే ఉంచుకుంటుంది. విత్తేటప్పుడు రైతు చేసే పని కూడా ఇదే. గుంటకు రెండు మూడు గింజలు వేసి, మొలిచాక బలమైనది ఉంచి తక్కినవి పీకేస్తాడు. పీకేసిన మొలకలు చూసి పంట పోయిందని ఎవరూ ఏడవరు.

రాలే ముందు ఏం జరుగుతుంది

పూవు కాడ కొమ్మకు అతుక్కునే చోట పలుచని పొర ఒకటి ఉంటుంది. పూవులో గింజ కట్టడం మొదలైతే ఆ లేత గింజ నుంచి ఆక్సిన్ అనే హార్మోను కాడ మీదుగా కిందికి దిగుతుంది. అది దిగుతున్నంత కాలం ఆ పొర గట్టిగా ఉంటుంది. పుప్పొడి అందక గింజ కట్టకపోయినా, కట్టిన గింజకు ఆహారం చాలకపోయినా, పురుగు లోపల తొలిచినా ఆ హార్మోను తగ్గిపోతుంది. దానికి తోడు ఇథిలీన్ వాయువు పెరుగుతుంది. కాయలను మాగబెట్టే వాయువు కూడా ఇదే. అప్పుడు ఆ పొరలోని కణాలు కరిగి విడిపోతాయి. చిన్న గాలి వీచినా పూవు రాలుతుంది.

అంటే పూవు రాలిన చోట మొక్క తానే కత్తెర పెట్టిందన్నమాట. అది ఎందుకు పెట్టిందో తెలుసుకోకుండా డబ్బా మూత తీయడం వల్ల ఒరిగేదేమీ లేదు. నీరు చాలక రాలిన పూవును పురుగుమందు ఆపదు. మబ్బు పట్టి రాలిన పూవును అంతకంటే ఆపదు. పూత నిలబడడానికి ఎన్‌.ఏ.ఏ. అనే హార్మోను మందును శాస్త్రజ్ఞులు సిఫారసు చేసిన సందర్భాలు ఉన్నమాట నిజం. కాని ఆ మందు కూడా నీటికీ ఎరువుకూ బదులు కాదు, పురుగును చంపేదీ కాదు.

పటాన్‌చెరులో తేలిన నిజం

తాండూరుకు ఎంతో దూరం లేని పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం 1972లో ఏర్పడింది. ఆ దశకంలోనే అక్కడి శాస్త్రజ్ఞులు కంది మీద ఒక విచిత్రమైన ప్రయోగం చేశారు. పూతకు వచ్చిన మొక్కల నుంచి పూలనూ లేత కాయలనూ కొన్ని వారాల పాటు తామే తెంపివేశారు. దిగుబడి అడుగంటిపోవాలి కదా! అలా జరగలేదు. తెంపడం ఆపగానే మొక్కలు తర్వాత వచ్చిన పూల నుంచి కాయలు కట్టాయి. పంట చేతికి రావడం ఆలస్యమైంది గాని దిగుబడి పెద్దగా తగ్గలేదు. తొలి పూత పోయినా మలి పూతతో కోలుకునే శక్తి కందికి ఉన్నదని దీనితో తేలింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ శక్తి అక్కరకు రావాలంటే నేలలో తేమ మిగిలి ఉండాలి, మొక్కకు గడువు మిగిలి ఉండాలి. నల్లరేగడిలో తేమ నిలిచిన చేను కోలుకున్నంతగా ఎర్రచెల్క కోలుకోదు. వానలు ముందే ముగిసిన ఏడాది మలి పూతను నమ్ముకోలేము. అయినా తొలి విడత పూత రాలగానే పంట పోయిందని బెంబేలెత్తి అప్పు చేయనక్కరలేదన్నది ఈ ప్రయోగం చెప్పే పాఠం. పొరుగున పుట్టిన ఈ పాఠం దశాబ్దాలు గడిచినా ఎన్ని ఊళ్లకు చేరిందో అధికారులు ఒకసారి లెక్క చూసుకుంటే బాగుంటుంది.

పురుగు లేదని కాదు

పూత రాలడమంతా సహజమేనని చేతులు కట్టుకు కూర్చోమని ఎవరూ చెప్పరు. కందికి శత్రువులు తక్కువ లేవు. శనగపచ్చ పురుగు మొగ్గలో, పూవులో తల దూర్చి తింటుంది. మబ్బు పట్టి తుంపర పడే రోజుల్లో మారుకా మచ్చల పురుగు మొగ్గనూ పూవునూ ఆకునూ కలిపి గూడు అల్లి లోపల కూర్చుని తినేస్తుంది. దూరం నుంచి చూస్తే పూత ఉన్నట్టే ఉంటుంది, గూడు విప్పితే అంతా పిప్పి. నల్లటి ఒంటి మీద నారింజ పట్టీలున్న పెంకు పురుగు పట్టపగలే పూరేకులను కొరుకుతుంది. దాన్ని నలిపితే చర్మం బొబ్బలెక్కుతుంది. పత్తిలో గులాబి రంగు పురుగు చేరితే పూరేకులు విచ్చుకోక ముడుచుకుపోయి గుడ్డి పూలు కనిపిస్తాయి.

ఇలాంటి చోట ఆలస్యం చేస్తే పంట దక్కదు. అందుకే చూడడం ముఖ్యం. రాలిన పూవే రైతుకు సాక్ష్యం. చేనులో ఒక మూల కాకుండా నాలుగు మూలలా, నడుమా తిరిగి పిడికెడు పూలు ఏరి తెల్ల గుడ్డ మీద పోసి చూస్తే విషయం చాలా వరకు తేలిపోతుంది. పూవు నిండుగా ఉండి కాడతో సహా రాలితే, రంధ్రం గాని పేడ గాని లేకపోతే అది మొక్క తానే తీసేసిన లెక్క. అప్పుడు చూడవలసింది నేలలో తేమ, ఆకాశంలో మబ్బు. రేకులు మాత్రమే రాలి కొమ్మ మీద పిందె ఉంటే అది శుభవార్త. రంధ్రం ఉండి పక్కనే నల్లటి పేడ కనిపిస్తే పురుగు చేనులోనే ఉంది. పత్తిలో గూడ చుట్టూ ఉండే ఆకులు పసుపు తిరిగి విచ్చుకుని, గూడకు చిల్లు ఉంటే కాయతొలుచు పురుగును అనుమానించాలి. అలాంటి గూడను ఏరి నాశనం చేస్తే లోపలి పురుగు కూడా పోతుంది.

పురుగు ఉందని తేలాక కూడా మొదటి ఆయుధం విషం కానక్కరలేదు. కంది మొక్కలను దులిపి, కింద పరచిన గుడ్డ మీద రాలిన పురుగులను ఏరి చంపే పద్ధతి దక్కన్ రైతులు వాడినదే. లింగాకర్షక బుట్టల్లో పడే రెక్కల పురుగులను బట్టి ఉధృతి తెలుస్తుంది. చేనులో అక్కడక్కడా పక్షులు వాలడానికి కర్రలు పాతితే పిట్టలు కూలి అడగకుండా పని చేస్తాయి. గుడ్ల దశలో వేప గింజల కషాయం పనికొస్తుంది. ఇవన్నీ మించిపోతేనే మందు. అదీ పురుగును బట్టి, మోతాదును బట్టి. రెండు మూడు డబ్బాలు ఒకే ట్యాంకులో కలిపి కొడితే పురుగు రెట్టింపు చస్తుందన్నది భ్రమ.

మందే పూత రాల్చే చోటు

అన్నిటికంటే విడ్డూరం కూరగాయల పందిళ్ల కింద కనిపిస్తుంది. బీర, సొర, కాకర, గుమ్మడి, దోస వంటి తీగలకు మగ పూవు వేరు, ఆడ పూవు వేరు. మగ పూలు ముందు వస్తాయి, ఎక్కువగా వస్తాయి. పుప్పొడి ఇచ్చాక రాలిపోతాయి. వాటిని చూసి కూడా పూత పోయిందని మందు కొట్టే వారున్నారు. ఆడ పూవు కింద వేలెడు పిందె పూవుతోనే పుడుతుంది. మగ పూవు పుప్పొడి దానికి అందితేనే ఆ పిందె కాయ అవుతుంది. పుప్పొడి జిగటగా ఉంటుంది గనుక గాలి మోయలేదు. తేనెటీగో మరో పురుగో మోయాలి.

ఇప్పుడు మందు కొడితే ఏమవుతుంది? పుప్పొడి మోసేది చస్తుంది, లేదా ఆ పందిరి వైపు రావడం మానేస్తుంది. ఆడ పూవు ఎదురు చూసి వాడిపోతుంది. పిందె పసుపు తిరిగి రాలిపోతుంది. రైతు దాన్ని చూసి పురుగు ఇంకా చావలేదని మరో విడత కొడతాడు. పిందెలు ఇంకా రాలతాయి. మందు వల్ల రాలిన పిందెకు మళ్లీ మందే వైద్యమవుతుంది! పిందె మీద సన్నని గాటు ఉండి, కోస్తే లోపల తెల్లని పురుగులు మెదిలితే అది పండు ఈగ పని. గాటు లేకుండా పసుపు తిరిగితే పుప్పొడి అందలేదని అర్థం. అప్పుడు మగ పూవును తెంపి దాని పుప్పొడిని ఆడ పూవు నడుమ అద్దితే చాలు. పెరట్లో గుమ్మడి పాదు పెంచే ముసలమ్మలు చేసే ఈ పనికి ఖర్చు కానీ కూడా కాదు.

పొద్దుతిరుగుడు రైతుదీ ఇదే కథ. పూవు పెద్దదే, లోపల గింజలు తాలు. పుప్పొడి మోసే తేనెటీగ కరువైన చేలో నడుమ గింజలు నిండవు. పూత కాలంలో పొద్దున పూట పువ్వు తలను మెత్తని గుడ్డతో రుద్దమని వ్యవసాయ శాఖ చెబుతూ వచ్చింది గదా, తేనెటీగ ఊరికే చేసిపెట్టే పనిని కూలి ఇచ్చి చేయించుకోవడమే అది.

కంది విషయానికి వస్తే అది చాలా వరకు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. అయినా కంది పూత మీద పెర తేనెటీగలూ చిన్న తేనెటీగలూ తుమ్మెదలూ ఆకులు కత్తిరించే ఈగలూ మూగుతాయి. ఆ కాలంలో వాటి కడుపు నింపేది ఆ పూతే. అక్కడ విషం తాగి చచ్చిన తేనెటీగ పక్క చేనులో పొద్దుతిరుగుడుకూ పందిరి మీది కాకరకూ దక్కదు. ఒక రైతు కొట్టిన మందు ఇంకో రైతు పిందెను రాలుస్తుంది. మందు గట్టు దగ్గర ఆగినా తేనెటీగకు గట్టు లేదు కదా!

తేనెటీగలు తిరిగే పొద్దున పూట మందు కొట్టవద్దనీ, తప్పనిసరైతే సాయంత్రం కొట్టాలనీ చెబుతారు. కందికి ఇది మంచి సలహాయే. బీర, సొర పందిళ్లకు మాత్రం ఇది పనికిరాదు. ఆ పూలు విచ్చుకునేదే సాయంత్రం. అక్కడ పూలు ముడుచుకున్న వేళ చూసుకోవాలి. పంట పంటకూ పూవు విచ్చుకునే వేళ వేరన్న సంగతి కరపత్రాల్లో కనిపించకపోవడం లోపమే.

మేడి చెట్టు చెప్పే నీతి

పురుగనగానే పగవాడనుకోవడం తగదని చెప్పడానికి ఊరి చివరి మేడి చెట్టు చాలు. మేడిపండు విప్పితే లోపల పురుగులుంటాయని తెలుగునాట పసిపిల్లలకూ తెలుసు. పైకి మంచిగా, లోపల చెడుగా ఉండే దానికి ఆ పండును ఉపమానంగా చెబుతారు. నిజానికి మేడి పూలు ఆ కాయ లోపలే ఉంటాయి. నలుసంత కందిరీగ సన్నని దారిన లోపలికి దూరి వాటికి పుప్పొడి అందిస్తుంది. ప్రతిఫలంగా కొన్ని పూలలో గుడ్లు పెట్టుకుంటుంది. ఆ పురుగు లేకపోతే మేడికి గింజే లేదు. గింజను తినేదీ అదే, గింజను కట్టించేదీ అదే.

చెట్టు కూడా మొహమాటపడదు. పుప్పొడి తేకుండా లోపలికి దూరి గుడ్లు పెట్టిన కందిరీగలున్న కాయలను మేడి కుటుంబపు కొన్ని జాతులు పండకముందే రాల్చివేస్తాయని పనామా దేశంలో చేసిన పరిశోధనలు 2010లో వెల్లడించాయి. పని చేసిన వాడికి కూలి, చేయని వాడికి ఉద్వాసన. ఏ కాయ ఉంచాలో, ఏది వదలాలో చెట్టు చూసి తేల్చుకుంటున్నది. చూసే కళ్లున్న మనిషి మాత్రం చూడకుండా అన్నిటినీ ఒకే గాట కడుతున్నాడు.

కంది పూవును కొరికే నారింజ పట్టీల పెంకు పురుగు సంగతే చూడండి. పెద్దయ్యాక అది పూవుకు శత్రువే. దాని పిల్ల పురుగులు నేలలో మిడతల గుడ్లు తిని రైతుకు మేలు చేస్తాయి. పది పురుగులు కనిపిస్తే చేతి వలతో పట్టవచ్చు. అందుకోసం ఎకరమంతా విషం చల్లడం ఈగను చంపడానికి ఇల్లు తగలబెట్టడం వంటిది.

పాత గాయాలు మరువరాదు

చూడకుండా కొట్టిన మందుల ఫలితం తెలుగు రైతు ఒకసారి కాదు, పలుమార్లు అనుభవించాడు. 1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలపై కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులను విడతల మీద విడతలు కుమ్మరించారు. పురుగును తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు ముందు చచ్చాయి. శనగపచ్చ పురుగు మందుకు అలవాటు పడింది. తెల్లదోమ చెలరేగింది. 1987-88లో పంట పోయి, అప్పులు తీరక పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో వరంగల్ జిల్లాలో మళ్లీ అదే విషాదం. పురుగు కోసం కొన్న డబ్బానే రైతు గొంతులో పోసుకున్న రోజులవి. 2017లో పొరుగున మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం సోకి దాదాపు ఇరవై మంది రైతులు, కూలీలు మరణించారు.

తాజా ఉదాహరణ మిరప. 2021-22లో ఖమ్మం, వరంగల్, గుంటూరు ప్రాంతాల మిరప తోటల్లో కొత్త రకం తామర పురుగు పూవుల్లో చేరి పూతంతా రాల్చింది. రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టిన తోటలున్నాయి. పురుగు లొంగలేదు, పెట్టుబడి మాత్రం కరిగిపోయింది. అక్కడ పురుగు నిజమే, నష్టమూ నిజమే. అయినా మందు ఎక్కువైతే పురుగు తగ్గుతుందన్న నమ్మకం అక్కడా నిలవలేదు.

వేరే దారి లేదా అంటే ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలో, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న పునుకుల గ్రామం 2000 దశకం తొలి ఏళ్లలోనే పురుగుమందులు మానుకుంది. కషాయాలు, బుట్టలు, ఎర పంటలతో పత్తి పండించి అప్పుల నుంచి తేరుకుంది. ఊరంతా ఒక్క మాట మీద నిలబడితే తప్ప అది జరిగే పని కాదు.

ఎవరి బాధ్యత ఎంత

తప్పంతా రైతుదే అనడం అన్యాయం. కౌలు ముందే కట్టి, విత్తనానికి ఒకచోట, ఎరువుకు ఒకచోట అప్పు తెచ్చిన వాడికి పూత రాలుతుంటే నిబ్బరంగా గుడ్డ పరచి లెక్క చూసుకోమనడం చెప్పినంత తేలిక కాదు. భయపడిన వాడికి కళ్ల ముందు దొరికేది మందుల దుకాణమే. దుకాణదారుకు చదువు ఉండాలని హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఏడాది పాటు సాగే డిప్లొమా ప్రారంభించింది. అది మంచి పనే. అయినా "ఈ పూతకు మందు అక్కరలేదు పటేలా, ఇంటికి పో" అని చెప్పిన దుకాణదారుకు ఆ రోజు గల్లా పెట్టె నిండదు. మందు అమ్మేవాడి చేతే రోగం చెప్పించినంత కాలం రోగం లేదన్న మాట వినపడదు.

ఆ మాట చెప్పవలసింది వ్యవసాయ శాఖ. తెలంగాణలో 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున వ్యవసాయ విస్తరణ అధికారులను నియమించారు. 2020లో క్లస్టర్ క్లస్టర్‌కూ రైతు వేదికలు కట్టారు. గోడలు లేచాయి, కుర్చీలు వచ్చాయి. పూత కాలంలో ఆ వేదిక బల్ల మీద రాలిన పూలు పోసి రైతుకు చూపించే ఏర్పాటు ఉండాలి. వారానికి ఒక పొద్దున కేటాయించి, రైతులు తమ చేలలో ఏరిన పూలు తెస్తే, ఇది నీటి కొరత, ఇది పురుగు, ఇది మొక్క గుణం అని చెప్పి పంపితే చాలు. దానికి కొత్త నిధులు అక్కరలేదు, కొత్త భవనమూ అక్కరలేదు. ఒక తెల్ల గుడ్డ, ఒక భూతద్దం ఉంటే సరిపోతుంది. తాండూరులో వ్యవసాయ పరిశోధన స్థానం ఉండనే ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు పూత నెలలో ఊరికి ఒకసారి వచ్చి చేనులో నిలబడి మాట్లాడితే పది కరపత్రాల కంటే ఎక్కువ పని జరుగుతుంది.

ఊరు చేసుకోవలసిన పని కూడా ఉంది. చేను గట్ల మీది చెట్లు, బండల్లోని తేనెపట్లు తగలబెట్టకుండా ఉంచుకోవాలి. ఒకరు మందు కొట్టబోయే ముందు పక్క చేను వారికీ, తేనెపెట్టెలు పెట్టుకున్న వారికీ చెప్పే అలవాటు రావాలి. కంది పూత మీద పొద్దున తొమ్మిది గంటల వేళ ఎవరూ మందు కొట్టరాదని గ్రామసభలో ఒక తీర్మానం చేసుకుంటే దానికి ఖర్చేమిటి?

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశమంతా పేరు మోగింది. ఆ పేరుకు తగిన పప్పు పండాలంటే చేను బతకాలి, చేనులో తిరిగే ఈగ బతకాలి, వాటితో పాటు రైతు అప్పు పాలు కాకుండా మిగలాలి. పూత మొదలయ్యాక కాదు, మొదటి మొగ్గ కనిపించినప్పుడే రైతు వేదికల తలుపులు తెరిచి ఈ పని ప్రారంభించాలి. అంతవరకు రైతు చేయవలసింది ఒక్కటే. డబ్బా మూత తీసే ముందు వంగి, రాలిన పూవును చేతిలోకి తీసుకుని తిప్పి చూడడం. సగం అప్పు అక్కడే ఆగిపోతుంది.